నాడి ఓటు

ఆదివారం ఉదయం కాకినాడ రేవు వీధిలోని ఆ ఫలహారశాలలో ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. వడ్డించేవాళ్లు చేతుల్లో పళ్లేలతోనే నిలబడిపోయారు. పెనం మీద దోసెలు తిరగేసే మరచేయి కూడా పక్కకు జరిగి ఆగింది. చిట్టికథల పోటీ మొదలైంది.

వకుళ ఇడ్లీ తుంచబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. చెవి వెనక గోరంత బిళ్లలా అతుక్కుని ఉన్న స్పందిక సన్నగా అదిరింది. బల్ల అద్దం మీద కథలు ఒకటొకటిగా వెలిగాయి. ఏ కథా నాలుగైదు వాక్యాలకు మించదు. రాష్ట్రమంతా వాటిని ఒకే సమయంలో చదువుతుంది. చదివాక ఎవరూ ఏమీ నొక్కనక్కర్లేదు. చదువుతున్నప్పుడు నాడి ఎలా కొట్టుకుందో, ఊపిరి ఎక్కడ బిగిసిందో స్పందిక చూస్తుంది, దాన్నే ఓటుగా లెక్కవేస్తుంది. మనసులో లేనిది నాడి చెప్పదన్న నమ్మకంతో తెచ్చిన పద్ధతి అది. బడిపిల్లల భోజనం దగ్గర నుంచి శాసనసభ దాకా అన్నీ ఇప్పుడు నాడి ఓటుతోనే తేలుతున్నాయి.

మొదటి కథలు రెండూ వకుళను కదిలించలేదు. మూడోది చదివేసరికి ఆమె అరచేతులు చల్లబడ్డాయి.

'కెరటాల గేటు కూశాక ఎదురు గోడ మీది ఏనుగుకు ఎండ తగులుతుంది. కిటికీ అద్దం వెనక నుంచి ఆమె దాన్ని పిలుస్తుంది. ఏనుగు వినదు. వినేవాళ్లు ఒక్కరున్నా ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది.'

స్పందిక మళ్లీ అదిరింది. ఓటు పడిపోయింది. చుట్టూ చాలామంది గుండెల మీద చేతులు వేసుకున్నారు. పక్క బల్ల దగ్గర ఒకాయన, ఈవిడ మళ్లీ గెలుస్తుంది చూడండి అంటూ చట్నీ అడిగాడు. మరచేయి దోసె తిరగేసింది.

వకుళ మాత్రం తినలేకపోయింది. రాసినవాళ్ల పేర్లు పోటీల ఋతువు ముగిసేదాకా బయటపెట్టరు. అయినా ఆ గొంతు ఎవరైనా గుర్తుపడతారు. మొదటి వారం ఆ గొంతే, 'ఆమె తలుపుకు తన పేరు చెప్పింది. ఆ పేరు గలవాళ్లెవరూ ఈ ఇంట్లో లేరని తలుపు జవాబిచ్చింది' అని రాసి గెలిచింది. కిందటి వారం, 'ఆయన వెళ్తూ వెళ్తూ కుళాయిని కూడా నిద్రపుచ్చి వెళ్తాడు. సాయంత్రం దాకా ఆమె దాహాన్ని జోకొడుతుంది' అన్నది. రెండుసార్లూ వకుళకు ఒళ్లు జలదరించింది. ఓటు పడిందని స్పందిక చెప్పగానే మనసు తేలికైంది. వాటిలో ఏనుగు లేదు కాబట్టి, అది తన ఊళ్లో ఎవరి ఇల్లో కావచ్చన్న ఆలోచనే రాలేదు. సముద్రపు పోటును ఆపే కెరటాల గేటు పక్కన మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ గోడ మీది ఏనుగును ఆమె రోజూ పడవబస్సులోంచి చూస్తుంది. నొప్పులకు వ్యాయామం చేయించే పని మీద ఆ వీధుల్లో తిరుగుతూనే ఉంటుంది.

ఆమె తమ్ముడు తారకేశ్ పోటీ కార్యాలయంలోనే ఓట్ల గణన చూస్తాడు. ఫోను చేసి, ఆ కథ ఎవరి ఇంటి నుంచి వచ్చిందో చెప్పమంది. అతను ముందు నవ్వాడు. తర్వాత ఓపికగా చెప్పుకొచ్చాడు. భయం కలిగించడం కథలో ఒక నేర్పు, ఈ రచయితకు అది పట్టుబడింది, పైగా పేర్ల పెట్టెను ఎవరూ తెరవలేరు, తనూ తెరవలేడు.

"అక్కా, నాలుగు కోట్ల మంది చదివారు. అది నిజమైతే ఎవరో ఒకరికి అనుమానం రాదా?"

"నాకు వచ్చిందిగా. ఆ ఎవరో ఒకరు నేనే అనుకో," అంది వకుళ.

పోలీసులకు ఫోను చేసి చూసింది. అటువైపు వ్యక్తి మర్యాదగానే విన్నాడు గానీ, కథలో పాత్ర తరఫున ఫిర్యాదు తీసుకోలేమన్నాడు. చిరునామా దొరికితే మళ్లీ చేయమన్నాడు. ఆమెకు తన మీద తనకే నమ్మకం సడలింది. ఎవరో సరదాగా అల్లిన నాలుగు ముక్కలు పట్టుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్ల తలుపులు కొట్టబోతోంది. అయినా కాళ్లు రేవు వైపే నడిచాయి. దారిలో ఆమె ఫోను చేసి చెప్పడంతో తారకేశ్ కూడా ఆదరాబాదరాగా అక్కడికి వచ్చాడు. అక్క పరువు తీసుకోకుండా ఆపడానికే వచ్చానన్నాడు.

ఏనుగు గోడకు ఎదురుగా ఉన్నది ఒకే ఒక్క మేడ. కింది వాటాలో ఒక పెద్దావిడ బియ్యం ఏరుతోంది. పైన ఎవరుంటారని వకుళ అడిగింది.

"మొగుడూ పెళ్లామండి. ఆయన గేటు దగ్గర పని చేస్తారు. ఆవిడకి మతి బాగోదంటండి. లోపల అరిచినా తలుపు బాదినా పట్టించుకోవద్దని ఆయనే చెప్పారు. భోజనానికి వచ్చేస్తారు, ఉండండి."

ఈసారి తారకేశే ముందు కదిలాడు. ఇద్దరూ మెట్లెక్కారు. తలుపుకు గడియ లేదు, తాళం లేదు. ఇంటి యజమాని గొంతుకు మాత్రమే తెరుచుకునే మాటతలుపు అది. ఉప్పుగాలి రాకుండా కిటికీలన్నీ మందపాటి అద్దాలతో మూసి ఉన్నాయి. ఏమని పిలవాలో వకుళకు తోచలేదు. మోకాళ్ల మీద కూర్చుని, తలుపు కింది సందు దగ్గర నోరు పెట్టింది.

"ఆమె తలుపుకు తన పేరు చెప్పింది," అంది.

లోపల ఏదో కింద పడిన చప్పుడు. వకుళ సందుకు చెవి ఆనించింది. తను పొరబడ్డానేమో అనుకుంటుండగా, సందులోంచి బొంగురు గొంతు వచ్చింది.

"ఆ పేరు గలవాళ్లెవరూ ఈ ఇంట్లో లేరని తలుపు జవాబిచ్చింది." ఆ వెంటనే, "నా పేరు సువర్చలండి. ఆయన వచ్చేస్తారు," అంది.

తారకేశ్ ఫోను తీశాడు. మంటలు అంటుకున్నాయంటే ఏ మాటతలుపైనా అగ్నిమాపక దళానికి లొంగి తీరాలన్నది నియమం. జీవితంలో ఏ నియమమూ తప్పని ఆ మనిషి, ఇంట్లోంచి పొగ వస్తోందని దళానికి నిబ్బరంగా అబద్ధమాడాడు. వాళ్లు వచ్చేదాకా వకుళ తలుపు దగ్గరే కూర్చుని, ఇక్కడే ఉన్నానమ్మా అంటూ ఉండిపోయింది. కింద ఎవరి అడుగు వినిపించినా మెట్ల వైపు తొంగి చూసింది. చివరికి వచ్చింది ఎర్ర బండే.

తలుపు తెరుచుకుంది. ముప్పై ఏళ్లుంటాయేమో, పెదవులు పగిలిన ఒక మనిషి గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఫోనును భర్త ఎప్పుడో లాక్కున్నాడు. స్పందికను మాత్రం ఓటు హక్కు గనక ఎవరూ తీసేయడానికి వీల్లేదు. దానితో కథలు వినచ్చు, ఓటు వేయచ్చు, వారానికొక కథ చెప్పి పంపచ్చు. కబురు పంపడానికి వీలుండదు, పేరో చిరునామానో చెబితే అది కథ కాదని తిప్పి పంపేస్తుంది. అందుకే కథలు పంపింది. భర్త భోజనానికి వచ్చేసరికి మెట్ల దగ్గర పోలీసులున్నారు. ఈసారి వాళ్లకు చిరునామా దొరికింది.

సువర్చలను బండి వెనక బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కొంచెం కొంచెంగా తాగింది. తారకేశ్ ఏదైనా మంచిమాట చెబుదామనుకున్నాడు. మూడు వారాలూ ఆమె కథలకే మొదటి స్థానం వచ్చిందని, ఇంతవరకూ ఏ కథకూ అన్ని ఓట్లు పడలేదని చెప్పాడు.

"తెలుసండీ," అంది సువర్చల. "ఫలితం స్పందికే చెప్పింది. మొదటి వారం అంతమంది గుండెలు అదిరాయని వినగానే, ఇంక ఎవరో ఒకరు బయల్దేరి ఉంటారనుకున్నాను. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని తలుపు దగ్గర కూర్చున్నాను."

వకుళ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. తారకేశ్ తలెత్తలేకపోయాడు.

"మర్నాడు కూడా కూర్చున్నాను," అంది సువర్చల.