వాలీ సామాను

శుక్రవారం పొద్దున్నే దిబోర్ జొన్నంబలి దించి, కూతురు తెనింగ్‌కి ఒక గిన్నెలో పోసి, చేతులు తుడుచుకుంటూ గదిలోకి వెళ్లింది. తల్లికి జబ్బు చేసిందని కబురొస్తే పుట్టింటికి వెళ్లి, మూడు నెలలు ఆమె మంచం దగ్గరే గడిపి, ముందు రోజు సాయంత్రమే సముద్రం ఒడ్డునున్న తన ఊరు రుఫిస్క్‌కి తిరిగొచ్చింది. పోయిన కొడుకు బట్టల్ని శుక్రవారం శుక్రవారం ఎండలో వేసి, గదిలో తలుపేసుకుని మళ్లీ మడతపెట్టి దాచుకోవడం ఆమె అలవాటు. మంచం కింద రేకుపెట్టెను రెండు చేతులతో లాగింది. అది తేలిగ్గా జారి ముందుకొచ్చింది. మూత తీస్తే లోపల ఒక్క కలరా ఉండ దొర్లింది.

వాలీ పోయి రెండేళ్లయింది. పంతొమ్మిదేళ్ల పిల్లాడు. చేపలకు వెళ్లిన పడవ తిరగబడితే తక్కిన నలుగురూ ఈదుకొచ్చారు, వాడు రాలేదు. ఒళ్లు కూడా ఒడ్డుకి చేరలేదు. శవం లేకుండానే ఇమాము నమాజు చదివించాడు. వాడలో బిడ్డను పోగొట్టుకున్న తల్లులందరికీ వెళ్లి కూర్చోవడానికి ఒక మట్టికుప్పైనా ఉంది. దిబోర్‌కి ఉన్నది ఆ పెట్టె.

నాన్న తీశాడా అని అడిగింది. తెనింగ్ గిన్నెలోంచి తల ఎత్తకుండా అవునంది. అమ్మ వెళ్లిన నెలకు తీశాడనీ, చెప్పొద్దన్నాడనీ, ఈ రోజు డకార్‌లో ఆయన బొమ్మల ప్రదర్శన మొదలనీ ఒక్కొక్కటే బయటపెట్టింది. దిబోర్ తలగుడ్డ చుట్టుకుని బస్సెక్కింది. తెనింగ్ వెనకాలే పరిగెత్తింది.

ఆమె భర్త లతీర్ ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు. విరిగిన పడవ చెక్కలు, సార్డీను డబ్బాలు, అరిగిన చెప్పులు, సైకిలు గొలుసులు ఏరి తెచ్చి, ఒకదాని పక్కన ఒకటి చేర్చి మనుషుల్ని నిలబెట్టేవాడు. చిత్రకళ నేర్పే పంతులు పడవలకు రంగులేసుకోమని పంపేశాడు. మొదటి ప్రదర్శన చేపల పాకలో పెడితే చూడ్డానికొచ్చింది ఒక మేకట, అది కూడా అట్టముక్క నమిలి వెళ్లిపోయిందట. చెత్తబండి లతీర్ అని పిలిచేవాళ్లు. చేపలు పొగబెట్టి అమ్మి ఇల్లు నడిపింది దిబోరే. నవ్విన వాళ్లను బజారులో నిలబెట్టి నాలుగు దులిపిందీ ఆమే.

ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వడం లేదు. తెల్లగోడల పెద్ద హాలు నిండా జనం. అందరూ ఒక్క బొమ్మ ముందే మాట లేకుండా నిలబడ్డారు. పగిలిన పడవ పక్కచెక్క మీద ఒక మనిషి వెల్లకిలా పడుకున్నట్టుంది. నీలం గళ్ల చొక్కా, ఫుట్‌బాల్ నిక్కరు, బెల్టు, తోలు చెప్పులు, దువ్వెన, బడి నోటుపుస్తకం. పరాయి దేశపు మ్యూజియం నుంచి వచ్చినావిడ, దీన్ని మాతో తీసుకెళ్తామని ఎవరితోనో చెబుతోంది.

“అవి నా కొడుకు బట్టలు. దించండి,” అంది దిబోర్.

లతీర్ జనంలోంచి తోసుకుని వచ్చాడు. “బయటికి రా దిబోర్, చెబుతాను.”

“ఊరందరికీ చూపించినదాన్ని నాకొక్కదానికే చాటుగా చెప్పాలా? ఇక్కడే చెప్పు.”

“అడిగితే వద్దంటావని...”

“తెలిసే తీశావన్నమాట. నేను మా అమ్మకి మంచినీళ్లు తాగిస్తుంటే నువ్వు నా పెట్టె ఊడ్చేశావు. ముప్పై ఏళ్లు దిబ్బల మీద ఏరావు, ఒక్కనాడు అడ్డం వచ్చానా? ఇక ఏరడానికి ఏమీ మిగల్లేదా నీకు? బిడ్డ కూడా దిబ్బ మీద దొరికిన సామానేనా?”

లతీర్ బొమ్మ దగ్గరికి నడిచాడు. నిచ్చెన తెమ్మన్నాడు. ప్రదర్శన పెట్టినాయన అతని చెయ్యి పట్టుకుని, ఇలాంటి రోజు మళ్లీ రాదని బతిమాలాడు. “అది దిబోర్‌ది,” అని లతీర్ నిచ్చెనెక్కాడు.

మేకులు పీకితే చొక్కా ఎక్కడ చిరుగుతుందోనని దిబోర్ దగ్గరికి వెళ్లింది. చుట్టూ గోడల మీది బొమ్మలన్నీ మేకులతో బిగించినవే, మంటతో కమిల్చినవే. దీంట్లో ఒక్క మేకు లేదు. చొక్కాని గుండీల కన్నాల్లోంచి వలదారం పోనిచ్చి కట్టాడు. చెప్పుల్ని చిన్న వల అల్లి అందులో ఉంచాడు. నోటుపుస్తకానికి అడ్డంగా, నిలువుగా దారం తిప్పాడు కానీ కాగితానికి చిల్లు పెట్టలేదు. కాలరు మీద చెమట మరక ఎలా ఉన్నదో అలాగే ఉంది. చిన్న చిన్న ముళ్లు, వందల కొద్దీ.

“మేకు ఎందుకు కొట్టలేదు?”

“పెట్టాను. సుత్తి కూడా ఎత్తాను.” లతీర్ ఇటు తిరగలేదు. “వాడికి నొప్పెడుతుందనిపించింది.”

ఒక ముడి విప్పుతూ అతనే మళ్లీ అన్నాడు. “శుక్రవారం నువ్వు తలుపు దగ్గరకేసుకునేదానివి. నేను గుమ్మంలో నిలబడేవాణ్ణి. ఒక్కసారైనా రమ్మంటావేమోనని.”

ఆ మాట దిబోర్ గుండెలో దిగబడింది. నిజమే. రెండేళ్లలో ఒక్క శుక్రవారం కూడా ఆ తలుపు వెనక ఇంకో మనిషి ఉన్నాడని ఆమెకు తట్టలేదు.

“దిగు,” అంది మెల్లగా. “ఇన్ని ముళ్లు ఒక్కడివీ విప్పలేవు. రేపు విప్పుదాం. నేనూ వస్తాను.”

అతను దిగి, నిచ్చెన మెట్టు మీద కూర్చుని, ఇన్నాళ్లకు బావురుమన్నాడు.

విప్పడానికి మూడు రోజులు పట్టింది. మ్యూజియం ఆవిడ మర్నాడే వెళ్లిపోయింది. ముడి విప్పుతూ ఒకరు చెబితే ఒకరు విన్నారు. వాడు ఆ బెల్టుకి కొత్త చిల్లు ఎప్పుడు పెట్టుకున్నాడో, ఆ దువ్వెన కోసం ఎవరితో పోట్లాడాడో. మూడో రోజు సాయంత్రానికి నోటుపుస్తకం ఒక్కటే మిగిలింది. దాని ముడి మీద ఇద్దరి చేతులూ ఆగిపోయాయి.

రోజూ వాళ్లకు టీ అందిస్తూ మూలన కూర్చున్న తెనింగ్ లేచి వచ్చింది. పిల్లకి పదిహేడేళ్లు. అన్న పోయిన నాటినుంచి ఇంట్లో గట్టిగా ఏడవలేదు, ఎవరూ ఏడుస్తావా అని అడగలేదు.

“అది వాడిది కాదు, నాది,” అంది. “నాకు లెక్కలు నేర్పడానికి వాడు రాసిచ్చాడు.”

దారం లాగబోయింది కానీ వేళ్లు మాట వినలేదు. తమ పక్కనే ఉన్న ఆ పిల్లను రెండేళ్లకు అప్పుడు చూశారు తల్లీ తండ్రీ. దిబోర్ పుస్తకాన్ని వదిలేసి, పిల్లను ఒళ్లోకి లాక్కుంది.