నలభై వేల గొంతుల ఊపిరి

మొదటి అమ్మాయి పల్లవి అందుకుందో లేదో ప్రొఫెసర్ వరాహలక్ష్మి మార్కుల పలక మీద నూరు వేసేశారు. అందులో వింతేమీ లేదు. గళముద్ర వచ్చిన ఈ పదకొండేళ్లలో బొబ్బిలి సంగీత కళాశాలలో తొంభైతొమ్మిది మార్కులు తెచ్చుకున్న పుణ్యాత్ములు ఒక్కరూ లేరు.

గళముద్ర పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. విద్వాంసులు ముద్రాలయంలో కూర్చుని ఒక్కసారి పాడితే చాలు. స్వరం, గమకం, కండరాల కదలిక, ఊపిరి, అన్నీ అచ్చు పడతాయి. ఆ అచ్చును మెడకు కట్టుకునే కంఠపట్టీలోకి దించుకుంటే మీరైనా నేనైనా గంటలో కృతి పాడేయొచ్చు. దోసెలు పోసే ఆవిడ సహాన పాడుతుంది, బస్సు నడిపే ఆయన భైరవి పాడతాడు. అపస్వరం అంటే ఏమిటో పిల్లలకు విడమరిచి చెప్పాల్సి వస్తోంది.

వరాహలక్ష్మి దీన్ని తిట్టిపోసిన మనిషి కాదు. ముప్ఫయ్యారేళ్లు పాఠం చెప్పి, నూటపన్నెండు కృతులు కట్టి, వాటిలో పట్టుమని పదైనా జనం నోళ్లలో నానలేదే అని కుమిలిపోయిన మనిషి. ఆరు నెలల కిందట ముద్ర వేయించిన సహాన కృతి ఒక్కటే ఇప్పుడు నలభై వేల గొంతుల్లో ఉంది. ఇంకేం కావాలి?

"నీడవలె నిలిచితివి నా వెంట" అన్నది పల్లవి. అమ్మాయి "నీడవలె నిలి" దాకా పాడి ఆగింది. చిన్నగా ఊపిరి పీల్చుకుని "చితివి" అని అందుకుంది.

వరాహలక్ష్మి తలెత్తారు.

"హైమా, మాట మధ్యలో విరుస్తావేం? ఊపిరి చాలలేదా?"

"చాలిందండీ. అక్కడ ఆగాలి కదండీ? మీ ముద్రలో అలాగే ఉంది."

రెండో అమ్మాయీ అక్కడే ఆగింది. మూడోవాడు పహిల్వానులా ఉంటాడు, మూడు పల్లవులకు సరిపడా ఊపిరి ఉన్నవాడు, వాడూ అక్కడే ఆగాడు. ముప్ఫయ్యొక్కమందీ అక్కడే ఆగారు. మాటను ముక్కలు చేస్తే సాహిత్యాన్ని చంపినట్టేనని విద్యార్థులను నిలబెట్టి చీవాట్లు పెట్టిన నోరు ఆవిడది. ముద్ర వేసిన రోజు తనకే తెలియకుండా చేసిన అదే తప్పును తన కృతిలో, తన గొంతుతో, తన తర్వాత కూడా జనం పాడుతూనే ఉంటారు! సిగ్గుతో ఆవిడ ప్రాణం చచ్చిపోయింది.

ఆ సాయంత్రమే ముద్రాలయానికి వెళ్లారు. అక్కడి అధికారి సింహాద్రి ఆవిడ పాత శిష్యుడు.

"కర్త ముద్రను ఎవరూ ముట్టకూడదని చట్టం మేడమ్. కమిటీలో పట్టుబట్టి రాయించింది మీరే కదా."

"తెలుసురా. ఏడాదిలోగా కర్తే ఒక్కసారి మార్చుకోవచ్చని రాయించింది కూడా నేనే. యంత్రం పెట్టు."

పాడారు. "నిలి" దగ్గర ఊపిరి అయిపోయింది. మంచినీళ్లు తాగి మళ్లీ పాడారు. అక్కడే అయిపోయింది. మూడోసారి సింహాద్రే యంత్రం ఆపేశాడు.

"మేడమ్, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

"అరవై నాలుగేళ్లొచ్చాయిరా. ఆయాసం రాక అందం వస్తుందా?"

వాడు నవ్వలేదు. మర్నాడే దగ్గరుండి విశాఖపట్నం తీసుకెళ్లాడు. గుండె కవాటం ఒకటి సరిగా మూసుకోవడం లేదని తేలింది. ఇంకొన్నాళ్లు ఊరుకుంటే మనిషి దక్కేది కాదన్నారు డాక్టర్లు. ఆపరేషన్ అయింది. మూడు నెలలకు ఆవిడ ఎక్కడా ఆగకుండా ముద్రాలయం మెట్లెక్కి, కూర్చుని, పల్లవి మొత్తం ఒక్క ఊపిరిలో పాడారు. మాట ఎక్కడా విరగలేదు. కళ్లు తుడుచుకుని వేలిముద్ర వేశారు.

"ఇక మార్చడానికి లేదు మేడమ్. ఇదే శాశ్వతం."

"నాకు కావలసిందీ అదేరా!"

మర్నాటికల్లా నలభై వేల పట్టీల్లోంచి పాత ముద్ర పోయి కొత్తది నిలిచింది.

నెల తర్వాత గుండె చూపించుకోవడానికి ఆవిడ మళ్లీ ఆస్పత్రికి వెళ్లారు. వరండాలో బల్ల మీద పక్కన ఒక ముసలావిడ కూర్చుని ఉంది. కంఠపట్టీ విప్పి ఒళ్లో పెట్టుకుంది.

"ఏమ్మా, పట్టీ పనిచెయ్యడం లేదా?" అన్నారు వరాహలక్ష్మి, ఊసుపోక.

"పట్టీకేటి, బాగానే ఉంది. పాటే మార్చీసినారు."

పేరు నూకరత్నమట. గోనెసంచుల మిల్లులో పనిచేసి మానేసింది. గుండె వాచి ఇక్కడి వార్డులోనే ఉంటోంది, కోతకు ఒళ్లు తట్టుకోదన్నారట.

"నాను ఏ పాటా పాడనేకపోయీదాన్నమ్మా. సగంలో ఊపిరాడదు, ఈ పట్టీ ఆగనివ్వదు. ఆ నీడవలె పాటొక్కటీ వచ్చింది. మద్దిలో ఆగుతాది కదా, నాకూ ఊపిరందీది. మా వార్డులో అందరం అదే పాడుకునీవోళ్లం. మొన్న ఎవులో మార్చీసినారు. ఇప్పుడు పాడబోతే పీక నొక్కీసినట్టుంటంది."

వరాహలక్ష్మి ఆవిడ ఒళ్లోని పట్టీ వైపు చూశారు.

"మొదల పాడినావిడ పోయుంటాది" అంది నూకరత్నం. "ఆయాసపడతా పాడీది, మాలాంటి మనిషే. పోయింది గావాల, అందుకే ఆవిడ గొంతు తీసీసి ఇంకెవుల్నో పెట్టినారు. మేవంతా ఏడిసినాం."

సింహాద్రికి ఫోన్ చేద్దామా అనిపించింది వరాహలక్ష్మికి. చేసి ఏం లాభం? ఉన్న ఒక్క అవకాశమూ తనే వాడేసుకుంది. చట్టం తను రాయించిందే.

"ఆ పట్టీ పక్కన పెట్టు. నా వెంట పాడు" అన్నారు.

"పట్టీ నేకుండా నాకేటొస్తాది?"

"రాదు. నేర్పుతాను."

అనడమైతే అన్నారు గానీ, పదకొండేళ్లుగా ఎవరికీ నోటితో పాఠం చెప్పి ఎరగరు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. కాసేపు తడబడి, చివరకు నూకరత్నం చెయ్యి పట్టుకుని దాంతోనే తాళం వేయిస్తూ పాడారు. "నీడవలె నిలి" దగ్గర ఆగారు. గుండెల నిండా గాలి ఉంది. కావాలనే ఆగారు.

నూకరత్నం మొహం వెలిగిపోయింది.

"అదే! అక్కడే ఆగీది! నువ్వు ఆవిడ కాడ నేర్సుకున్నావేటమ్మా?"

"అవును."

"ఎలా పోయింది, పాపం?"

"పోలేదమ్మా. ఆపరేషన్ చేశారు. గుండె బాగైంది."

నూకరత్నం ఆవిడ చేతిలోంచి తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బాగైతే మరి మమ్మల్ని ఎందుకొగ్గీసింది?"

ఆ చెయ్యి మళ్లీ అందుకోవడానికి వరాహలక్ష్మికి చాలాసేపు పట్టింది.