వాన పడితే ఇంటికెళ్ళే కార్లు

"ముందు ఆ బెల్టు తీసేయండి!"

నడివీధిలో ఒక అమ్మాయి నాతో అన్న మొదటి మాట ఇది. నా చెవులు నేనే నమ్మలేదు.

"బెల్టు... తీసేయాలా?"

"లేకపోతే నా కారుకి ఆనుకోకండి! బకిల్ గీసుకుంటే పెయింట్ పోతుంది. మూడు చలికాలాలు మా నాన్నా నేనూ గరాజులో గడ్డకట్టుకుపోతూ వేసుకున్న పెయింటండీ ఇది. చూడొచ్చు, ముట్టుకోకూడదు. మీ ఊళ్ళో ఈపాటి ఎవరూ చెప్పలేదా?"

షూ లేసు కట్టుకుందామని ఒక్క క్షణం ఆనుకున్నాను, అంతే. శుక్రవారం సాయంత్రం హార్లో లేక్ అనే ఈ చిన్న ఊళ్ళో పాత కార్లు బారులు తీరి ఉన్నప్పుడు అది పెద్ద నేరమని, టొలీడో నుంచి వారం సెలవులకి వచ్చిన నాకేం తెలుసు?

"మా ఊళ్ళో ఇంత అందమైనవి ఉండవండీ," అన్నాను.

"కార్లా?" కళ్ళు చిన్నవి చేసి అడిగింది.

"కార్లే." అబద్ధమాడాను.

ఆమెకి నవ్వొచ్చింది కానీ దాచుకుంది. మెత్తటి గుడ్డ ఒకటి నా చేతికిచ్చి, ఆనుకున్న చోట తుడవమంది. వెన్నపసుపు రంగు కారు, 1959 నాటిది. వెనక పెద్ద చేపకి ఉన్నట్టు రెండు రెక్కలు. నేను అరగంట తుడిచాను. తుడవాల్సింది నిజానికి అరచేయంత మేరే.

"ఏడింటికి లూప్ మొదలవుతుంది, ఈ కార్లన్నీ వరసగా ఊరు చుట్టి వస్తాయి. లైబ్రరీ మెట్ల మీద నిలబడు, ఒక రౌండు తిప్పుతాను," అంది చివరికి. "ఆ బెల్టు మాత్రం ఇంట్లో పెట్టి రా."

'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఆ సంబరంలో పేరు అడగడం మర్చిపోయాను. ఏడింటికి అడగొచ్చులే అని సరిపెట్టుకున్నాను. మర్నాడు పదింటికల్లా నాన్నా, నాన్నమ్మా, నేనూ అద్దె క్యాబిన్ ఖాళీ చేసి వెళ్ళిపోతున్నాం. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

క్యాబిన్‌కి పరిగెత్తి, చొక్కా మార్చుకుని, బుద్ధిగా బెల్టు తీసేసి వచ్చేసరికి నాన్న వ్యాన్ స్టార్ట్ చేసి ఉన్నాడు. నాన్నమ్మ అప్పటికే వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

"నడిస్తే ఆలస్యమవుతుందిరా. నాకో అడ్డదారి తెలుసు," అన్నాడు నాన్న.

ఆ అడ్డదారి తిన్నగా లూప్‌లోకే తేలింది. వాలంటీరు ఒకాయన మమ్మల్ని చూసి తల పట్టుకుని, ఇక చేసేదేం లేక వరసలోకి తోశాడు. ముందు ఎర్ర కన్వర్టిబుల్, వెనక నల్ల కూపే, మధ్యలో మా మినీవ్యాన్. రెండు పక్కలా బారికేడ్లు. మడత కుర్చీల్లో కూర్చున్న జనం చప్పట్లు కొట్టారు. నాన్నమ్మ అద్దం దించి మహారాణిలా చెయ్యి ఊపింది.

"ఏ మోడలండీ?" అని ఎవరో అరిచారు.

"రెండువేల పద్నాలుగు! ఒరిజినల్ పెయింటే!" అని నాన్న జవాబు.

లైబ్రరీ దాటేసరికి ఏడూ పది. మెట్ల దగ్గర ఆమె కారు లేదు. దూరంగా మలుపులో పసుపు రెక్కలు కనబడి మాయమయ్యాయి.

"అదిగో! నాన్నా, పట్టుకో!"

"ఎలా పట్టుకోనురా? ఇక్కడ ఓవర్‌టేక్ చేస్తే జనం తంతారు."

మూడు రౌండ్లు తిరిగాం. ప్రతిసారీ ఆ రెక్కలు ఒక మలుపు ముందే ఉన్నాయి. నాకు నిజంగానే భయమేసింది. పేరు తెలీదు, నంబరు తెలీదు, తెల్లారితే ప్రయాణం.

"ఒరేయ్ రోరీ," అంది నాన్నమ్మ. "ఆ పిల్ల ఎటు చూస్తూ పోతుంటుంది?"

"పేవ్‌మెంటు మీదికి. నాకోసం."

"మరి నువ్వు ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావురా, వెర్రి నాగన్నా? ఇద్దరూ తిరుగుతుంటే ఎప్పటికి కలుస్తారు? ఎవరో ఒకరు ఆగాలి కదా!"

నాన్న లైబ్రరీ ముందు ఖాళీ చూసి వ్యాన్ ఆపాడు. నేను దూకాను. నాతోపాటే మొదటి వాన చినుకు కూడా దూకింది.

ఇక చూడాలి ఆ హడావిడి! ఈ పాత కార్లవాళ్ళు తాము తడిసినా పట్టించుకోరు, కారు మీద చుక్క పడితే మాత్రం ప్రాణం విలవిల్లాడుతుంది. రోడ్డు పక్కన చూపించడానికి ఎత్తి పెట్టిన బానెట్లు దభీదభీమని మూతపడ్డాయి. ఐదు నిమిషాల్లో వీధి ఖాళీ. మూడు చలికాలాల పెయింటు. అపరిచితుడి కోసం ఎవరు తడుపుకుంటారు? మెట్ల మీద కూలబడిపోయాను.

నాన్న వానలోకి దిగి, వ్యాన్ బానెట్ పైకెత్తాడు.

"ఏంటిది నాన్నా?"

"సాయంత్రం నుంచీ చూస్తున్నాగా. ఈ ఊళ్ళో బానెట్ ఎత్తితే ఎవరో ఒకరు మాట్లాడ్డానికి వస్తారు."

రెండు నిమిషాలు గడిచాయి. మూడు. అందరూ వెళ్ళిపోయిన వైపు నుంచి, వైపర్లు కిర్రుమంటూ, పసుపు కారు ఒక్కటే ఎదురొచ్చింది.

నేను మెట్లు దిగి వ్యాన్ దగ్గరికి పరిగెత్తాను.

ఆమె దిగింది. నావైపు చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, మా ఇంజన్‌లోకి తొంగి చూసింది.

"రెండువేల పద్నాలుగా?"

"ఒరిజినల్ పెయింట్," అన్నాను.

"ముట్టుకోవచ్చా?"

"నువ్వయితే ముట్టుకోవచ్చు."

అప్పుడు తిరిగింది. "నాలుగు రౌండ్లు వెతికాను. మెట్ల మీద లేవు, బెంచీల మీద లేవు. మోసగాడివనుకున్నాను!"

"నీ వెనకాలే తిరుగుతున్నాను. ఇదిగో, ఈ రథంలో."

పకపకా నవ్వింది. జుట్టు మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"నీ కారు తడిసిపోతోంది," అన్నాను.

"తెలుసు." గొంతు తగ్గించింది. "ఈ పెయింటు మీద వాన పడటం ఇదే మొదటిసారి. ఇంకొక్క వీధి దాటితే మా గరాజే. మనసొప్పలేదు, వెనక్కి తిప్పేశాను."

ప్రేమిస్తున్నానని నాతో ఇంకెవరు ఎలా చెప్పినా ఇంత బాగుండదు.

"నీ పేరు?"

"బ్రిటా."

"బ్రిటా!" అని వ్యాన్‌లోంచి నాన్నమ్మ కేకేసింది. "రేపు ఎనిమిదింటికి పాన్‌కేకులు. మీ నాన్నని కూడా తీసుకురా తల్లీ. కారు తడిసినందుకు తిట్టేదేదో మా రోరీనే తిట్టుకుంటాడు."

బ్రిటా కారు తలుపు తెరిచింది. "ఎక్కు. గరాజుకెళ్ళి దీన్ని తుడవాలి. బెల్టు?"

"తీసేసే వచ్చాను," అన్నాను. ఒక చేత్తో గుడ్డ అందుకుని, రెండో చేత్తో జారిపోతున్న ప్యాంటు పట్టుకుని ఎక్కాను.