అన్నది అన్నట్టు

ఈ పరాయి దేశానికి వచ్చి బేకరీ నడిపిన తాతగారికి పక్షవాతం వచ్చాక ఇక్కడి భాష పూర్తిగా పోయింది. ఆ భాషలోనే రొట్టెలు అమ్మి, ఆ భాషలోనే ప్రేమించి పెళ్లి చేసుకున్న మనిషికి చివరికి చిన్నప్పటి తెలుగొక్కటే మిగిలింది. భార్య ఈ దేశపు మనిషి. ఆవిడకి తెలుగు రాదు.

ఆయన్ని చూసుకునే కేంద్రం వాళ్లు, తెలుగు వచ్చిన వలంటీర్లు కావాలని యూనివర్సిటీకి కబురు పెట్టారు. ఇద్దరు వచ్చారు. ఒకరు ఫార్మసీ చదివే అమ్మాయి. రెండోవాడు సివిల్ ఇంజనీరింగ్ కుర్రాడు. ఏ విషయమూ తొందరగా తేల్చడని స్నేహితులు అతన్ని 'నిదానం' అంటారు. తాతగారి మాట అతను ఆవిడకి చెప్పాలి, ఆవిడ మాట అమ్మాయి తాతగారికి చెప్పాలి.

మొదటిరోజే తాతగారు భార్యని చూపిస్తూ, "దీన్ని ఇంటికి పొమ్మను. ఎదురుగా కూర్చుని ఏడవడం తప్ప ఏం చేస్తోంది? నాకు ఊపిరాడట్లేదు" అన్నారు.

నిదానం గొంతు సవరించుకున్నాడు. "మీరు బాగా అలిసిపోయారట. ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోమంటున్నారు" అన్నాడు ఆవిడతో.

అమ్మాయి అతన్ని వరండాలోకి పిలిచింది.

"ఏమిటండీ మీరు చేసిన పని?"

"ఆవిడని చూశారా? చిక్కి సగమైపోయారు. ఆ మాట ఎలా చెప్పమంటారు?"

"ఆయన అన్నది అన్నట్టు. వడకట్టడానికి మధ్యలో మీరెవరు?"

"మీకు జాలి లేదండీ."

"ఉంది. ఆయన మీద కూడా ఉంది. ఆయనకి మిగిలిన నోరు మనమే. అది కూడా అబద్ధమాడితే ఇంకెవరున్నారు?"

అతనికి ఒప్పుకోవడానికి మనసు రాలేదు. బయట వాన. ఇద్దరూ బస్టాపులో ఒకే రేకు కింద నిలబడి చెరోవైపు చూశారు.

తర్వాత కూడా అతను తిట్లకి చక్కెర పూస్తూనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం తాతగారు చెంచాని తోసేసి గట్టిగా అరిచారు. "సూపు వేడిగా ఉందట" అన్నాడు నిదానం.

ఆవిడ గిన్నె కింద పెట్టింది.

"చూడు బాబూ, ఈ మనిషితో ఇంతకాలం కాపురం చేశాను. తిట్టేటప్పుడు ఆయన కనుబొమ్మ ఎలా లేస్తుందో నాకు తెలుసు. నువ్వు చెప్పేవి మా ఆయన మాటలు కావు. మా ఆయన్ని నాకివ్వు."

నిదానం తలదించుకున్నాడు. ఈసారి దాచలేదు.

"చంటిపిల్లాడికి పెట్టినట్టు పెట్టొద్దంటున్నారు. ఏడుపు ముఖంతో రావద్దంటున్నారు. తను ఎక్కువకాలం బతకనని ఆయనకి తెలుసట. మీరొక్కరే తెలియనట్టు నటిస్తున్నారట."

ఆవిడ కళ్లు తుడుచుకుని అమ్మాయి వైపు తిరిగింది.

"ఇక ఏడవనని చెప్పు. కానీ ఈ ముసలాయన ఇన్నేళ్లూ నాకు పెట్టింది మాడిన రొట్టెలే. పోయేముందైనా ఒక మంచి మాట చెప్పమను."

అమ్మాయి ఒక్క ముక్క వదలకుండా చెప్పింది, 'ముసలాయన'తో సహా. తాతగారి సగం నోరు నవ్వింది. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు.

"మాడినవి ఇద్దరం తిన్నాం. మంచివి అమ్ముకున్నాం. మర్చిపోయిందా అడుగు" అన్నారు. కాస్త ఆగి, "ఇది లేకపోతే నేను కొట్టు తెరిచేవాణ్నే కాదు. అదీ చెప్పు" అన్నారు.

నిదానం ఆ రెండు మాటలూ ఉన్నదున్నట్టు ఆవిడకి చెప్పాడు.

ఇక ఆ గదిలో రోజూ పోట్లాటలే, పాత ముచ్చట్లే. 'నిన్ను చూసి పిండి కలపడం మర్చిపోయాను' అని తాతగారంటే అది నిదానం నోట రావాలి. 'నేను చూడనట్టు నటించాను' అని ఆవిడంటే అది అమ్మాయి చెప్పాలి. ఎటు చూడాలో తెలియక కుర్రాడూ అమ్మాయీ కిటికీలోంచి చూసేవాళ్లు. ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో తాతగారు భార్య చేయి పట్టుకునే కన్నుమూశారు. అప్పుడు ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పనిలేకపోయింది.

అంత్యక్రియలయ్యాక మెట్ల మీద నిదానం అన్నాడు, "నువ్వంటే నాకిష్టం."

"ఇవాళ వద్దు. దుఃఖంలో పక్కనున్నవాళ్లంతా దగ్గరివాళ్లలాగే ఉంటారు. మనసు కుదుటపడ్డాక కూడా అలాగే అనిపిస్తే అడుగు."

అతను అడగలేదు. ఇద్దరూ ఆ కేంద్రానికి వెళ్తూనే ఉన్నారు. కళ్లు కనిపించని ఒక టీచరుగారికి అతను పేపరు చదివి పెట్టేవాడు, అమ్మాయి ఇంకో వార్డులో పనిచేసేది. పరీక్షలైపోయిన రోజు ఆమె వరండాలో అతన్ని ఆపింది.

"ఇంకా కుదుటపడలేదా?"

"ఎప్పుడో పడింది. నువ్వు కాదంటావేమోనని భయం."

"ఇంట్లో చెప్పేశాను."

"ఏమని?"

"ఒకబ్బాయి ఉన్నాడు, అడగడానికి జంకుతున్నాడని. నాన్న ఫోన్లో, 'అయితే మేమే వచ్చి అడగాలా అమ్మా?' అన్నారు. అమ్మ పక్కనే నవ్వుతోంది."

నిదానం బెంచీ మీద కూలబడ్డాడు. కళ్లు తుడుచుకుని, మళ్లీ లేచి నిలబడ్డాడు.

"మనం పెళ్లి చేసుకుందామా?"

"చేసుకుందాం" అంది ఆమె. అనేసి, ఏడుపాపుకోలేక అతని భుజానికి తల ఆనించింది.