చల్లటి ట్యూబు

"మన కోడ్ల ఆఫీసర్ ఉందే, సీక్రెట్ కోడ్లన్నీ ఆవిడ బుర్రలోనే ఉన్నాయి," అన్నాడు చీఫ్. "బ్లడ్ టెస్టులో క్యాన్సర్ అని దొంగ రిపోర్టు వచ్చిందనుకో, వైద్యానికి విదేశం వెళ్తుంది. అక్కడి క్లినిక్ శత్రువులది. మత్తిచ్చి కోడ్లు కక్కిస్తారు. నువ్వు ఇక్కడి ల్యాబులోకి దూరి, ఆ మోసం జరక్కుండా చూడు. ల్యాబు డాక్టరు మన మనిషే."

ఏజెంట్ నైన్ టెక్నీషియన్ వేషంలో చేరాడు. కొత్త సిబ్బందికి చేసినట్టే అతనికీ ఆ టెస్టు చేశారు. "మీకేం, గుండ్రాయిలా ఉన్నారు," అంది డాక్టరు, ముత్యాల దుద్దులు ఊగేలా నవ్వుతూ.

ఆ మాట అతన్ని వెంటాడింది. అతని భార్యకూ ఒక డాక్టరు అలాగే చెప్పాడు. అసలు సంగతి తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది. పోయినవాళ్ళు అంత తేలిగ్గా వదలరు, డ్యూటీకి కూడా వెంట వస్తారు. ల్యాబు అద్దాల తలుపుల్లో, మెషీన్ల హోరులో ఆమె ఉన్నట్టే ఉండేది. పక్కనే నిలబడి, "మళ్ళీ ఒకసారి చూడండి," అంటున్నట్టుండేది.

కోడ్ల ఆవిడ వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళింది. డాక్టరు ఆ ట్యూబుతో లోపలికి వెళ్ళి, వెంటనే తిరిగొచ్చి గ్లవ్స్ తొడుక్కున్న అతని చేతిలో పెట్టింది.

"మెషీన్లో పెట్టేయండి."

లేబుల్ సరిగ్గానే ఉంది. వాచీలోని కెమెరాతో ఫొటో తీశాడు. ట్యూబు లోపల పెట్టి, బటన్ మీద వేలు ఆనించాడు.

మళ్ళీ ఒకసారి చూడండి.

వేలు వెనక్కి తీసి, గ్లవ్ విప్పి, ట్యూబు పట్టుకున్నాడు. జిల్లుమంది. ఈ టెస్టు రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదన్నది ల్యాబులో మొదట నేర్పే పాఠం. ఇప్పుడే తీసిన రక్తం ఇంత చల్లగా ఎందుకుంటుంది?

అతని పిస్టల్ డాక్టరు వైపు తిరిగింది. ఆమె మొహం పాలిపోయింది.

"బయట ర్యాకులో ఉంచితే ఎవరైనా అడుగుతారని ఫ్రిజ్‌లో దాచాను," అంది. "నా తలరాత."

"ట్యూబు మార్చేశారు. ఎవరిదీ రక్తం? క్యాన్సర్ ఉన్న మనిషికి ఏమీ లేదని చెప్పి పంపేశారు కదా! చెప్పండి, ఎవరిది?"

ఆమె అతన్ని జాలిగా చూసింది. "మీదే. క్యాన్సర్ ఆనవాళ్ళున్న రక్తం కోసం మేం వెతుకుతుంటే మీరే నడిచొచ్చారు. స్కాన్ చేయించుకోండి. ఇంకా తొలిదశే అయ్యుంటుంది."

నైన్ ఆమె చేతులకు బేడీలు వేశాడు. చావంటే భయం లేదనుకునేవాడు, ఇప్పుడు భయమేసింది. పక్కన ఎవరో తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నట్టు కూడా అనిపించింది.

ఫోన్లో చీఫ్ అడిగాడు. "పని అయ్యిందా?"

"అయ్యింది సార్. నాకు మాత్రం సెలవు కావాలి. డాక్టరుకి చూపించుకోమని మా ఆవిడ ఒకటే నస."