కాళ్లు తిరిగి వస్తాయి

పొద్దున ఆరున్నరకు జడ వేసుకుంటూనే భానుశ్రీ మూడోసారి హెచ్చరించింది. "నాయనా, ఆపరేషన్ అయ్యేదాకా నోట్లో ఏమీ ఏసుకోవద్దు."

తొమ్మిదికి చెంగయ్యకు హెర్నియా ఆపరేషన్. కార్వేటినగరం దగ్గర ముప్పయ్యేళ్లు బెల్లం పొయ్యి పొగ మింగిన ఊపిరితిత్తులు ఆయనవి. పూర్తి మత్తు తట్టుకోలేడు కాబట్టి నడుములో సూది వేసి, కింది సగానికే మత్తిస్తామన్నారు. తిరుపతిలోని ఆ ఆసుపత్రిలోనే భానుశ్రీ మత్తు డాక్టరమ్మ పక్కన టెక్నీషియన్.

ఆమె ఆ చదువు చదవడానికి కారణం తల్లి చంద్రకాంతమ్మే. "నిన్ను కనేటప్పుడు ఏసిన సూదే నా నడుము ఇరిచింది" అని ఆ తల్లి మూడు పూటలా అనేది. అంత పాపం చేసిన సూది ఎలా ఉంటుందో చూడాలని పిల్లకు కుతూహలం. చూసింది. సన్నటి సూది, చిటికెడు మందు, అంతే. ఆ మాట చెబితే తల్లి నమ్మితేగా!

థియేటర్లోకి తీసుకెళ్లే ముందు డాక్టరమ్మ అడిగింది. "పొద్దున ఏమైనా తిన్నారా?"

"ఏమీ తినలేదమ్మా. కాణిపాకం లడ్డు ఒకటి తింటి, అంతే. మా ఇంటామె పెట్టింది. ప్రసాదం వద్దంటే ఎట్ల?" అన్నాడు చెంగయ్య అమాయకంగా.

ఆపరేషన్ మరునాటికి వాయిదా పడింది. భానుశ్రీ తల్లిని వరండాలో నిలబెట్టింది.

"తెలిసే పెట్టినావా?"

"తెలిసే పెట్టినా. కడుపులో తిండి ఉంటే ఆపరేషన్ చెయ్యరని నువ్వే సెప్తివి గదా!"

"ఆ పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తాదమ్మా!"

"నడుము పోతే మాత్రం బతుకా అది?"

"నీ నడుము పోయింది సూదికి కాదు, బెల్లం గంపలు మోసి!" అని అరిచేసింది భానుశ్రీ. అరిచాక సిగ్గేసింది. ఎంతోమంది నడుముకు సూది వేయడం పక్కనే నిలబడి చూసిన తాను, ఇన్నేళ్లలో తల్లిని ఒక్క మాట అడగలేదు.

"ఆ పొద్దు నీకు ఏమైందమ్మా?"

చంద్రకాంతమ్మ గోడకు ఆనుకుంది. "కాళ్లు సచ్చిపోయినాయి. తిరిగి వస్తాయని ఎవురూ సెప్పలా. తడిమి సూస్తే ఎవురివో కాళ్ల మాదిర ఉండాయి. నిన్ను తెచ్చి పక్కలో పెట్టినారు. ఇంక నేను లేసేది లేదు, ఈ బిడ్డను ఎవురు సాకుతారని ఏడిస్తి. ఆడపిల్ల పుట్టిందని ఏడుస్తా ఉండానని మా అత్త, అదే మీ జేజి, తిట్టింది. ఊరంతా అట్లే అనుకున్నారు."

తానూ అలాగే అనుకుంది భానుశ్రీ. జేజి నోట వేయిసార్లు విన్న మాట అది. తనను చూసి కాదు, తన కోసం ఏడ్చిందని ఇప్పుడు తెలిసింది. తల్లి భుజం మీద తల పెట్టింది.

తర్వాత ఆ వరండాలోనే అన్నీ విప్పి చెప్పింది. సూది వేసేటప్పుడు ఎలా వంగి కూర్చోవాలో, కాళ్లు ముందు ఎలా వెచ్చబడతాయో, స్పిరిట్ దూది పెట్టి చల్లగుందా అని ఎందుకు అడుగుతారో. చంద్రకాంతమ్మ గుచ్చి గుచ్చి ప్రశ్నలడిగింది.

మరునాడు ఆపరేషన్ బాగా జరిగింది. మత్తు దిగేదాకా అందరినీ ఉంచే గదికి ఆయన్ను తెచ్చారు. "ఏమే, నా కాళ్లు యాడ పోయినాయి?" అన్నాడు చెంగయ్య. నవ్వబోయాడు గానీ కళ్లల్లో బెదురు.

"యాడికీ పోలా. వస్తాయి" అంటూ ఆయన పాదాలు పట్టుకుని కూర్చుంది చంద్రకాంతమ్మ. రెండు గంటలు దాటాక బొటనవేలు కదిలింది. ఆమె పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది.

అప్పుడే పక్క మంచం మీదికి కాన్పు ఆపరేషన్ అయిన ఒక పడుచు బాలింతను తెచ్చారు. పసిబిడ్డను పక్కన పెట్టినా అటు చూడకుండా, ఆ పిల్ల తన తొడలు తడుముకుంటూ వెక్కుతోంది. "ఆడబిడ్డని దిగులేమో" అని ఎవరో గొణిగారు.

చంద్రకాంతమ్మ చివ్వున లేచింది. వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"భయపడాకు పాపా. కాళ్లు వస్తాయి. ముందు బొటనేలు కదుల్తాది. అందాకా నీ బిడ్డను నేను ఎత్తుకోనుంటా."