కూలర్ మోత వెనుక గొంతు

పిస్టల్ మొన రచన మెడకు ఆనింది.

"ల్యాప్‌టాప్ మూసెయ్."

సిరిసిల్ల షెడ్డులో నలభై సాంచెలు దడదడమంటూ బట్ట నేస్తున్నాయి. తుపాకీ పేలినా వీధికి వినబడదు. పిస్టల్ పట్టిన జేబాకు కావలసింది అదే. కండెలు చుట్టే కూలీ వేషంలోనూ సినిమా తారలా ఉంది. మూడేళ్లుగా విదేశీ ముఠాలో తిరుగుతున్న డబుల్ ఏజెంట్.

స్క్రీన్ మీద 88 శాతం. టైమ్ 11:56.

"పన్నెండింటికి గల్ఫ్‌ల ఉన్న మన పద్నాలుగు మంది ఏజెంట్ల పేర్లు ముఠాకు పోతయి," అంది రచన. "పంపేటోడు మన శాఖలనే ఉన్నడు. మీ అబ్బాను పట్టిచ్చింది గూడ వాడే, వాని గొంతు ఈ క్యాసెట్ల ఉన్నది."

"గిది మా అబ్బాను అమ్మినోని క్యాసెట్. దాన్ని కాల్చెయ్యమని నాకు పైనుంచి ఆర్డర్."

జేబా తండ్రి కోరుట్ల అమీనుద్దీన్, రచన తండ్రి మేడిపల్లి రాజనర్సు గల్ఫ్‌లో ఒకే గదిలో ఉన్న గూఢచారులు. ఇద్దరూ శవాలై పెట్టెల్లో తిరిగొచ్చారు. జేబా తండ్రిని పట్టించింది రచన తండ్రేనని శాఖ ఫైలు మూసేసింది. ఇరవై ఆరేళ్లు రచన తల్లి భూమవ్వ ద్రోహి పెళ్లాంగా బతికింది. భర్త పంపిన చివరి క్యాసెట్లో కూలర్ మోత తప్ప ఏమీ లేదన్నారు. ఇప్పుడు ఏఐ ఆ మోతను పొరలు పొరలుగా ఒలుస్తోంది.

"కాల్చుదువు గని, మూడు నిమిషాలు ఆగు. మీ అబ్బాను సంపిందెవలో తెల్వకుంటనే ముసలిదానివైతవా?"

పిస్టల్ దిగలేదు. పేలనూ లేదు.

11:59. నూరు శాతం.

ల్యాప్‌టాప్‌లోంచి రాజనర్సు గొంతు: "భూమవ్వా, మా సారచ్చిండు. చాయ్ పట్టుకచ్చి మాట్లాడుత." రికార్డింగ్ ఆపడం మరిచి రాజనర్సు వెళ్లిపోయాడు. కూలర్ పక్కన ఆ సారు ఫోన్లో మెల్లగా అంటున్నాడు: "అమీనుద్దీన్ రేపు పోర్టుకు వస్తడు. పని కానియ్యుండ్రి. నెపం రాజనర్సు మీదికి తోస్త."

రోజూ పొద్దున ఫోన్ బ్రీఫింగ్‌లో ఇద్దరూ వినే గొంతు.

జేబా పిస్టల్ దించింది. "నన్ను సదివిచ్చింది ఈయననే. బిడ్డా అని పిలుస్తడు."

రచన ఫోన్ అందుకుంది. జగిత్యాలలో వీసా కన్సల్టెన్సీ బోర్డు వెనుక శాఖ కంట్రోల్ రూమ్. అక్కడ వేణు ఆమె మాట కోసమే కాచుకున్నాడు.

"అక్కా, ఇరవై సెకన్లే. ఎవల లాగిన్ ఆపాలె?"

"చీఫ్‌ది."

కీబోర్డు టకటక.

"ఆగింది. మూడు సెకన్లు మిగిలినయి." వేణు గొంతు తగ్గించాడు. "రికార్డుల పేరు ఉండాలె అక్కా. జర మెల్లగ చెప్పు. పక్క రూంలనే ఉన్నడు."

జేబా ఫోన్ లాక్కుంది.

"స్పీకర్ పెట్టు. మెల్లగ మాట్లాడుడు వాని పని. మా అబ్బాను అమ్మింది చీఫ్ రవీందర్."